మూడు వారాల గడువు... ఒక పాట!

ఆ తండ్రికి డాక్టర్లు మూడు వారాలే గడువిచ్చారు. ఆయన తొమ్మిది నెలలు బతికాడు. ఆయన వెళ్లిపోయాక కొడుకు ఓ పాట పాడాడు. అమెరికాలో లక్షలమంది ఆ పాట విని కళ్లు తుడుచుకున్నారు. ఆ తండ్రి ఒకప్పుడు 'వీడు నా కొడుకే' అని ఒప్పుకోని తండ్రి. ఆ పాట రాసిన ఇద్దరూ ఆ ఇంటివాళ్లు కానేకాదు. మరి ఈ మూడు దారులూ ఎక్కడ కలిశాయి? 'లివ్ లైక్ యు వర్ డైయింగ్' పాట వెనక కథ ఇది...

2008 అక్టోబరు 25. ఫిలడెల్ఫియా నగరంలోని సిటిజన్స్ బ్యాంక్ పార్క్ స్టేడియం. అమెరికన్ల ప్రాణమైన బేస్‌బాల్ 'వరల్డ్ సిరీస్'లో మూడో మ్యాచ్. గంటన్నరపాటు వాన దంచి కొట్టింది. ఆట మొదలయ్యేసరికి రాత్రి పది దాటింది. అయినా ఒక్కరూ కదల్లేదు.

ఆట మొదలయ్యేముందు ఒకాయన బంతి పట్టుకుని మైదానం మధ్యకు నడిచాడు. బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బ ఉంటుందే, అక్కడికి. జనం చప్పట్లు కొట్టారు. ఎందుకంటే ఆయన మామూలు మనిషి కాదు, దేశమంతటికీ తెలిసిన గాయకుడు. కానీ అతడు అక్కడ పాడలేదు. ఆ దిబ్బమీద ఏదో చల్లి వెనక్కి వచ్చేశాడు. చాలామంది గమనించనైనా లేదు.

అతడు చల్లింది... గుప్పెడు బూడిద. తన తండ్రి చితాభస్మం!

గాయకుడి పేరు టిమ్ మెక్‌గ్రా. తండ్రి పేరు టగ్ మెక్‌గ్రా. ఫిలడెల్ఫియా జట్టుకు మొట్టమొదటి కప్పు తెచ్చిపెట్టిన ఆఖరి బంతి విసిరినవాడు.

ఆ గుప్పెడు బూడిద దాకా రావడానికి వాళ్లిద్దరూ చాలా దూరం ప్రయాణించాల్సి వచ్చింది. ఆ ప్రయాణంలో ఓ మజిలీ... ఈ పాట.

అల్మరాలో దొరికిన రహస్యం

టిమ్ పుట్టింది 1967 మే 1న, ఢిల్లీలో! మన ఢిల్లీ కాదు, అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఆ పేరుతో ఓ చిన్న ఊరుంది. అక్కడివాళ్లు 'డెల్‌హై' అంటారు. పెరిగింది అదే రాష్ట్రంలో స్టార్ట్ అనే పల్లెటూళ్లో. అమ్మ బెట్టీ. నాన్న హోరేస్ స్మిత్, ట్రక్కు డ్రైవరు. స్కూల్లో కుర్రాడి పేరు టిమ్ స్మిత్. ఆటలంటే పిచ్చి. బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులు పోగేసేవాడు. గదిలో గోడకు అంటించుకున్న కార్డుల్లో టగ్ మెక్‌గ్రాదీ ఒకటి.

పదకొండేళ్ల వయసులో ఓరోజు అమ్మ అల్మరాలో ఏదో వెతుకుతుంటే ఓ కాగితం చేతికి తగిలింది. అది తన బర్త్ సర్టిఫికెట్. అందులో తండ్రి పేరు దగ్గర స్మిత్ అని లేదు. మెక్‌గ్రా అని ఉంది. వృత్తి దగ్గర బేస్‌బాల్ ఆటగాడని!

గోడమీది బొమ్మ కాస్తా నాన్నయిపోయింది.

అమ్మ అసలు సంగతి చెప్పింది. 1966లో టగ్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఓ చిన్న జట్టుకి ఆడుతుండేవాడు. ఆమె అప్పుడు హైస్కూలు విద్యార్థిని. ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంట్ భవనంలో ఉండేవారు. పరిచయం కొద్దికాలమే. తర్వాత ఆయన దారి ఆయనది. ఆమె ఒళ్లో టిమ్.

తల్లి పిల్లాణ్ని తీసుకెళ్లి టగ్‌ని కలిపించింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. కానీ 'నా కొడుకు' అనలేదు. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. ఆయన టీవీలో కనిపిస్తూనే ఉన్నాడు. పలకరింపు మాత్రం లేదు. టిమ్‌కి పద్దెనిమిదేళ్లు దగ్గరపడుతుండగా ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. ఈసారి కాదనడానికి వీల్లేకపోయింది. ఎదురుగా నిలబడ్డవాడి ముఖం అచ్చు తన ముఖమే! టగ్ ఒప్పుకున్నాడు. కాలేజీ చదువుకు సాయం చేశాడు. టిమ్ స్మిత్ కాస్తా టిమ్ మెక్‌గ్రా అయ్యాడు.

'అన్నేళ్లు పట్టించుకోని మనిషిని ఎలా క్షమించావ్?' అని తర్వాత చాలామంది టిమ్‌ని అడిగారు. అతడు చెప్పిన జవాబు ఎప్పుడూ ఒకటే. చిన్న ఊళ్లో, ఏ దారీ కనిపించని ఇంట్లో పెరిగిన తనకి, తన రక్తం పంచుకున్నవాడు అంత ఎత్తుకు వెళ్లాడన్న నిజమే ఓ ధైర్యమయిందట. 'ఆయన చేయగలిగితే నేనూ ఏదో ఒకటి చేయగలను' అనుకున్నాడట. తండ్రి పక్కన లేకపోయినా ఆ మేరకు మేలే చేశాడన్నది టిమ్ లెక్క.

టగ్... ఓ చిలిపి హీరో

ఇంతకీ ఎవరీ టగ్? అసలు పేరు ఫ్రాంక్ ఎడ్విన్ మెక్‌గ్రా. 1944లో కాలిఫోర్నియాలో పుట్టాడు. ఎడమచేతి వాటం 'రిలీఫ్ పిచర్'. మన క్రికెట్ భాషలో చెప్పాలంటే ఆఖరి ఓవర్ల బౌలర్. మ్యాచ్ చేజారిపోతుందనుకున్నప్పుడు కెప్టెన్ చూపు ఎవరివైపు తిరుగుతుందో, ఆయన! అన్న హ్యాంక్ కూడా ఆటగాడే. 'మా తమ్ముణ్నీ తీసుకోండి' అని న్యూయార్క్ మెట్స్ జట్టు వెంటపడి మరీ తమ్ముడికి చోటిప్పించాడు.

టగ్ ఉన్నచోట నవ్వులే. తాను విసిరే బంతులకు గాయనుల పేర్లు, విస్కీల పేర్లు పెట్టేవాడు. బ్యాట్స్‌మన్‌ని అవుట్ చేసి బయటికి వస్తూ చేతి గ్లవుతో తొడమీద చరుచుకోవడం ఆయన ముద్ర. 1973లో మెట్స్ జట్టు ఆగస్టు నెలాఖరుకి తన విభాగంలో అట్టడుగున ఉంది. అందరూ ఆశ వదిలేసుకున్నారు. టగ్ మాత్రం 'యు గాటా బిలీవ్' (నమ్మాలి బాబూ!) అంటూ అందరి చెవుల్లో ఊదడం మొదలెట్టాడు. అదే ఊరంతా నినాదమైంది. ఆ జట్టు వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది!

ఇక 1980 అక్టోబరు 21. అప్పటికి ఆయన ఫిలడెల్ఫియా ఫిలీస్ ఆటగాడు. ఆ జట్టు పుట్టింది 1883లో. 97 ఏళ్లలో ఒక్కసారీ వరల్డ్ సిరీస్ గెలవలేదు. ఆ రోజు గెలుపు ముంగిట నిలిచింది. ఆఖరి ఇన్నింగ్స్. అవతలి జట్టువాళ్లు మూడు బేసుల్లోనూ కాచుక్కూర్చున్నారు. ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే లెక్క తారుమారు. జనం లోపలికి దూకుతారేమోనని పోలీసులు గుర్రాలతో, కుక్కలతో మైదానం చుట్టూ మోహరించారు. టగ్ బంతి విసిరాడు. విల్లీ విల్సన్ బ్యాట్ గాలిలో తిరిగింది. బంతి తగల్లేదు. అంతే! టగ్ రెండు చేతులూ పైకెత్తి ఎగిరాడు. ఆ దృశ్యం ఆ నగరం జ్ఞాపకాల్లో అలాగే నిలిచిపోయింది.

2003 మార్చి 12. టగ్ ఫ్లోరిడాలో ఫిలీస్ కుర్రాళ్లకు శిక్షణ ఇస్తున్నాడు. ఉన్నట్టుండి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. పరీక్షలు చేస్తే మెదడులో కణితి. ఆపరేషన్ చేశారు. క్యాన్సరని తేలింది. పూర్తిగా తీసేయడానికి వీల్లేనిదని తేలింది. డాక్టర్లు చెప్పిన గడువు... మూడు వారాలు.

రచయితలు మాట్లాడుకుంటుంటే...

ఇక్కడ కాసేపు తండ్రీకొడుకుల్ని వదిలి నాష్‌విల్ వెళ్దాం.

టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ అమెరికా 'కంట్రీ మ్యూజిక్'కి రాజధాని. కంట్రీ అంటే పల్లెవాసన వేసే పాట. గిటారు, ఫిడేలు, మధ్యలో ఓ కథ. రైతు, ట్రక్కు డ్రైవరు, విడాకులు, తాగుడు, దేవుడు, అమ్మ... ఇవే వస్తువులు. అక్కడ పాట పుట్టే తీరే వేరు. మన సినిమాల్లో ముందు కథ ఉంటుంది, సందర్భం ఉంటుంది, ట్యూన్ ఉంటుంది. కవిగారు వచ్చి అందులో మాటలు పోస్తారు. అక్కడ అంతా తిరగేసి! ముందు పాట పుడుతుంది. తర్వాత దానికి గొంతు వెతుక్కుంటారు.

'మ్యూజిక్ రో' అనే పేటలో పాటల కంపెనీల ఆఫీసులు వరసగా ఉంటాయి. రచయితలు ఉదయాన్నే ఆఫీసుకెళ్లినట్టే వెళ్తారు. ఇద్దరో ముగ్గురో ఓ గదిలో గిటార్లు పట్టుకుని కూర్చుంటారు. కబుర్లాడుకుంటారు. ఆ కబుర్లలోంచి ఓ మాట మెరిస్తే పట్టుకుంటారు. మాటా, బాణీ రెండూ వాళ్లవే. పాట పూర్తయ్యాక ఎవరితోనో పాడించి ఓ నమూనా రికార్డు చేస్తారు. దాన్ని పట్టుకుని కంపెనీ మనుషులు గాయకుల చుట్టూ, నిర్మాతల చుట్టూ తిరుగుతారు. వందల పాటల్లో ఏ ఒక్కటో గట్టెక్కుతుంది. మిగతావన్నీ అటకెక్కుతాయి.

టిమ్ నికల్స్, క్రెయిగ్ వైజ్‌మన్ ఆ పేటలో పేరున్న రచయితలు. జో డీ మెసీనా పాడిన 'హెడ్స్ కరోలైనా, టెయిల్స్ కాలిఫోర్నియా' పాటకి నికల్స్ సహరచయిత. వైజ్‌మన్ మిసిసిపీ నుంచి వచ్చిన డ్రమ్మర్. టిమ్ మెక్‌గ్రాకి అంతకుముందే 'ఎవ్రీవేర్', 'వేర్ ద గ్రీన్ గ్రాస్ గ్రోస్' లాంటి హిట్లు మరొకరితో కలిసి ఇచ్చినవాడు.

వీళ్లిద్దరూ ఓసారి మాట్లాడుకుంటుంటే తమవాళ్ల అనారోగ్యాల ప్రస్తావన వచ్చింది. తెలిసినవాళ్లలో కొందరికి క్యాన్సర్ అని, ఎక్స్‌రేలో ఏదో మచ్చ కనిపించిందని వార్తలు. ఆ కబురు విన్నాక మనుషులు ఎలా మారిపోతారన్నదానిమీదికి మాట మళ్లింది. కొందరు కుంగిపోతారు. కొందరు మాత్రం ఏళ్ల తరబడి వాయిదా వేసిన పనులు ఒక్కొక్కటే మొదలెడతారు. కొండలెక్కుతారు. చేపల వేటకు పోతారు. దూరమైన వాళ్లకి ఫోన్ చేస్తారు.

పాటకి దారం దొరికింది!

కథ చిన్నదే. నలభైల్లో ఉన్న ఓ మనిషికి డాక్టరు పిడుగులాంటి మాట చెబుతాడు. ఎదుటి మనిషి అడుగుతాడు: అది విన్నాక ఏం చేశావు? జవాబే పాట. విమానంలోంచి దూకాడట. రాకీ పర్వతాలు ఎక్కాడట. పొగరుబోతు ఎద్దుమీద స్వారీ చేశాడట. ఆ వరసలోనే, అదే ఊపులో మరికొన్ని. ప్రేమించడం, తియ్యగా మాట్లాడటం, ఇవ్వకుండా దాచుకున్న క్షమాపణ ఇచ్చేయడం. మొదటిసారి వింటే సాహసాలే చెవిన పడతాయి. రెండో చరణంలో కథ ఇంట్లోకి వస్తుంది. ఆ మనిషి మంచి భర్తయ్యాడు, మంచి స్నేహితుడయ్యాడు. అంతకుముందు విసుగనిపించిన చేపల వేటకు నాన్నతో వెళ్లాడు. ఆ నాన్న అదే ఏడాది పోయాడు. ఇదంతా విన్నాక పల్లవి మళ్లీ వస్తుంది. మాటలు అవే. కానీ ఈసారి ఎద్దూ, కొండా వెనక్కిపోతాయి. క్షమాపణ ముందుకొస్తుంది. పాటలోని కిటుకంతా ఇదే.

ఆ తండ్రి ప్రస్తావన టిమ్ మెక్‌గ్రా కథ కాదు. ఇద్దరు రచయితలు ఎవరెవరి జీవితాల్లోంచో తెచ్చి పెట్టుకున్నది. కానీ ఆ పాట వెళ్లి పడింది సరిగ్గా తండ్రిని పోగొట్టుకున్న మనిషి చేతిలో!

తొమ్మిది నెలలు ఏం చేశాడు?

మూడు వారాలన్నారు కదా... టగ్ మెక్‌గ్రా మొండివాడు. 'నమ్మాలి బాబూ' అని ఊరందరికీ చెప్పినవాడు తను నమ్మకుండా ఉంటాడా! వారాలు నెలలయ్యాయి. కొడుకు పక్కనే ఉన్నాడు. ఒకప్పుడు కొడుకు బాధ్యతను కాదనుకున్న తండ్రి బాధ్యత ఇప్పుడు కొడుకు తీసుకున్నాడు. టగ్ ఆ రోజుల్లో కొండలెక్కలేదు, విమానాల్లోంచి దూకలేదు. తన ఆత్మకథ పనిలో పడ్డాడు. మెదడు కణితులతో బాధపడేవాళ్ల కోసం తన పేరుతో ఓ ఫౌండేషన్‌కి అదే ఏడాది పునాది వేశాడు.

2003 సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలోని పాత వెటరన్స్ స్టేడియంలో చివరి మ్యాచ్. ఆ తర్వాత దాన్ని కూల్చేయబోతున్నారు. వీడ్కోలు వేడుకలో పాత ఆటగాళ్లంతా ఒక్కొక్కరే వచ్చారు. టగ్ కూడా వచ్చాడు. జబ్బుతో చిక్కిపోయిన మనిషి మట్టిదిబ్బ ఎక్కి, 23 ఏళ్ల కిందటి ఆ ఆఖరి బంతిని ఉత్తి చేత్తో మళ్లీ విసిరినట్టు అభినయించాడు. రెండు చేతులూ పైకెత్తాడు. స్టేడియం హోరెత్తిపోయింది.

2004 జనవరి 5న, టెనెసీలో కొడుకు చెంతనే కన్నుమూశాడు. వయసు 59. మూడు వారాల గడువు తొమ్మిది నెలలు దాటింది. మరో రెండున్నర నెలలకు, మార్చి 21న, వెటరన్స్ స్టేడియాన్నీ పేల్చి నేలమట్టం చేశారు.

ఆ రాత్రి స్టూడియోలో...

తండ్రి పోయి ఎంతో కాలం గడవకముందే టిమ్ కొత్త ఆల్బమ్ రికార్డింగుకి వెళ్లాడు. న్యూయార్క్ రాష్ట్రంలో కాట్‌స్కిల్ కొండలమీద అలైర్ అనే స్టూడియో. ఊరికి దూరం. చుట్టూ అడవి. నాష్‌విల్‌లో మామూలుగా పాటల రికార్డింగుకి స్టూడియో వాద్యకారులు వేరే ఉంటారు. గాయకుడి సొంత బృందం కచేరీలకే పరిమితం. టిమ్ ఆ పద్ధతి పక్కనపెట్టి, ఏళ్లుగా తనతో ఊళ్లు తిరిగిన 'డాన్స్‌హాల్ డాక్టర్స్' బృందాన్నే వెంటబెట్టుకెళ్లాడు. అంటే ఆ గదిలో వాయించిన వాళ్లంతా అతడి ఇంటి సంగతులు, అతడి తండ్రి సంగతులు తెలిసినవాళ్లే.

రాత్రి బాగా పొద్దుపోయాక ఈ పాట మొదలుపెట్టారు. ఆ సమయంలో పెదనాన్న హ్యాంక్ కూడా స్టూడియోలోనే ఉన్నాడు. తమ్ముడికి మెట్స్ జట్టులో చోటిప్పించిన అన్న. తమ్ముణ్ని అప్పుడే సాగనంపిన అన్న. రెండో చరణంలో తండ్రి మాట వచ్చినప్పుడు ఆ గదిలో ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. వాద్యకారులు కూడా కళ్లు తుడుచుకున్నారని టిమ్ తర్వాత చెప్పుకున్నాడు.

రికార్డు విన్నవాళ్లకి ఒక సంగతి తెలుస్తుంది. అతడు ఎక్కడా గొంతు చించుకోడు. ఏడుపు గొంతు పెట్టడు. ఎవరో స్నేహితుడితో ముచ్చటిస్తున్నట్టు మొదలెడతాడు. పల్లవి దగ్గర మాత్రమే గొంతు ఎత్తుతాడు. దుఃఖం ఉన్నవాడు దాన్ని దాచుకుంటూ మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఏడు వారాలు... నంబర్ వన్!

2004 జూన్‌లో కర్బ్ రికార్డ్స్ సంస్థ పాటను రేడియోలకు పంపింది. ఇక చూడండి! బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితాలో ఏడు వారాలు మొదటి స్థానం. ఆ ఏడాది మొత్తానికీ నంబర్ వన్ కంట్రీ పాట అదేనని బిల్‌బోర్డ్ తేల్చింది. ఆగస్టు 24న అదే పేరుతో ఆల్బమ్ వచ్చింది. తొలివారంలోనే 7,66,000 కాపీలు అమ్ముడై, అన్ని రకాల సంగీతం కలిపిన జాబితాలోనూ అగ్రస్థానానికి ఎక్కింది.

అవార్డులు క్యూ కట్టాయి. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, అకాడమీ ఆఫ్ కంట్రీ మ్యూజిక్... రెండూ ఉత్తమ సింగిల్, ఉత్తమ గీతం పురస్కారాలు ఇచ్చాయి. 2005 ఫిబ్రవరిలో గ్రామీ వేదికమీద రచయితలిద్దరికీ ఉత్తమ కంట్రీ గీతం అవార్డు. టిమ్‌కి ఉత్తమ కంట్రీ గాయకుడి అవార్డు.

షెర్మన్ హాల్సీ తీసిన వీడియో చివర్లో పాత క్లిప్పింగు ఒకటి వస్తుంది. 1980 నాటి ఆ ఆఖరి బంతి. టగ్ రెండు చేతులూ పైకెత్తి ఎగరడం. అంతవరకు పాటను పాటగా విన్నవాళ్లకి అక్కడ గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆస్పత్రి వార్డుల్లో, అంత్యక్రియల్లో, పదవీ విరమణ సభల్లో ఈ పాట మోగింది. అప్పటికింకా 'బకెట్ లిస్ట్' అన్న మాట జనం నోళ్లలో పడలేదు. చచ్చేలోపు చేయాల్సిన పనుల జాబితా అన్నమాట. జాక్ నికల్సన్, మోర్గాన్ ఫ్రీమన్ నటించిన ఆ పేరు సినిమా వచ్చింది 2007లో. దానికి మూడేళ్ల ముందే ఈ పాట ఆ పని చేసింది.

మరి విమర్శలు? అవీ లేకపోలేదు. కన్నీళ్లు పిండే సరుకని పెదవి విరిచినవాళ్లున్నారు. ఇంకో ప్రశ్న ఇంకా పదునైనది. విమానంలోంచి దూకడానికీ, పర్వతాలెక్కడానికీ డబ్బుండాలి, ఒంట్లో సత్తువుండాలి. కీమోథెరపీ చేయించుకుని మంచం దిగలేని మనిషికి, రేపటి మందులకి అప్పు వెతుక్కునే ఇంటికి ఈ పాట ఏం చెబుతుంది? చావు దగ్గరపడితే తప్ప బతకడం తెలియదా అన్న ఎత్తిపొడుపూ వినిపించింది.

ఆ ప్రశ్నలో న్యాయముంది. అయితే పాటలోని జాబితాని మరోసారి చూడండి. డబ్బు ఖర్చయ్యేవి మూడే. మిగతావాటికి పైసా అక్కర్లేదు. వాటిలో అన్నిటికంటే కష్టమైంది క్షమించడం. టిమ్ మెక్‌గ్రా కొండెక్కి పాడితే నమ్మేవాళ్లు కాదేమో. తనని కాదన్న తండ్రిని ఆఖరి రోజుల్లో అక్కున చేర్చుకుని ఆ తర్వాత పాడాడు. అందుకే జనం నమ్మారు.

మన పరీక్షిత్తు కథే!

గడువు తెలిసిన మనిషి ఏం చేయాలి? ఈ ప్రశ్న మనకి కొత్తదేం కాదు. ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకి చనిపోతావని శాపం తగిలిన పరీక్షిత్తు మహారాజు గంగ ఒడ్డున కూర్చుని శుకమహర్షిని అడిగింది ఇదే. దానికి జవాబుగా పుట్టిందే భాగవతం. బమ్మెర పోతన పుణ్యమా అని అది తెలుగింట నానుడిగా నిలిచింది. ఏడు రోజులు తక్కువ కదా అని రాజు దిగులు పడితే, శుకుడు ఖట్వాంగుడి కథ చెబుతాడు. ఆ రాజుకి ఉన్నది ఒకే ఒక్క ముహూర్తమట. అదీ చాలిందట!

సినిమాల సంగతి చెప్పనే అక్కర్లేదు. 1989లో మణిరత్నం 'గీతాంజలి'లో చావు కబురు విన్న కుర్రాడు ఊటీకి వెళ్లి బతకడం నేర్చుకున్నప్పుడు మన థియేటర్లూ తడిశాయి. 1971 నాటి హిందీ 'ఆనంద్' సంగతీ అంతే. దేశాలు వేరు, వాయిద్యాలు వేరు. ప్రశ్న ఒక్కటే.

తేడా ఎక్కడంటే... మన కథలన్నీ పోయేవాడి కథలు. టిమ్ మెక్‌గ్రా పాట మాత్రం పోయేవాడి దగ్గర విని వచ్చినవాడు చెప్పే కథ. అంటే గడువు తెలియనివాడి కథ. మనలాంటివాడి కథ.

మళ్లీ ఆ మట్టిదిబ్బ దగ్గరికి...

1980 తర్వాత ఫిలీస్ జట్టు మళ్లీ కప్పు ముఖం చూడలేదు. 28 ఏళ్లు ఎదురుచూసింది. 2008లో ఆ మూడో మ్యాచ్ రాత్రి టిమ్ తండ్రి చితాభస్మం చల్లి వచ్చాక ఆట మొదలైంది. తెల్లవారుజామున రెండు కావస్తుండగా ఫిలీస్ 5-4తో గెలిచింది. మరో నాలుగు రోజులకి, అక్టోబరు 29న, కప్పే గెలిచేసింది. ఆ జట్టు చరిత్రలో రెండో కప్పు!

ఆ గుప్పెడు బూడిదవల్లే గెలిచారని ఫిలడెల్ఫియాలో కొందరంటారు. నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. నమ్మమని చెప్పిన పెద్దమనిషి మాత్రం ఆ రాత్రి ఆ మట్టిలోనే ఉన్నాడు.

ఒకప్పుడు స్టార్ట్ అనే పల్లెలో గోడమీది బొమ్మను చూస్తూ పడుకున్న కుర్రాడు, ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ బొమ్మలోని మనిషిని తనకెంతో ఇష్టమైన చోటికి తనే చేతులారా చేర్చి వచ్చాడు. కొడుకన్నవాడు చేయాల్సిన పని అది. ఆ పని చేసే హక్కు మాత్రం పుట్టుకతో రాలేదు. ఇద్దరూ కలిసి సంపాదించుకున్నారు, ఆలస్యంగానే అయినా.

పాట వివరాలు

పాట: లివ్ లైక్ యు వర్ డైయింగ్

రచన, బాణీ: టిమ్ నికల్స్, క్రెయిగ్ వైజ్‌మన్

గానం: టిమ్ మెక్‌గ్రా

నిర్మాతలు: బైరన్ గాలిమోర్, టిమ్ మెక్‌గ్రా, డారన్ స్మిత్

వాద్యబృందం: డాన్స్‌హాల్ డాక్టర్స్

విడుదల: 2004 జూన్

అవార్డులు: రెండు గ్రామీలు (2005). కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ (2004), అకాడమీ ఆఫ్ కంట్రీ మ్యూజిక్ (2005) సంస్థల ఉత్తమ సింగిల్, ఉత్తమ గీతం పురస్కారాలు